గృహ విక్రయ ఛాయాచిత్రాలు: వెలుగు నీడల లెక్క

ఛాయాగ్రహణం అనే మాట తెలుగులో ఎంతో అర్థవంతంగా ఏర్పడింది. పాశ్చాత్యులు ఈ విద్యకు పెట్టుకున్న పేరుకు గ్రీకు భాషలో 'వెలుగుతో గీయడం' అని అర్థం. ఉర్దూలో దీనిని 'అక్కాసీ' అంటారు. 'అక్స్' అనగా ప్రతిబింబం. మన పదంలోని 'ఛాయ'కు నీడ అనీ, ప్రతిబింబమనీ, వన్నె అనీ మూడర్థాలు కలవు. ఒక మంచి ఛాయాచిత్రంలో ఈ మూడును ఉండవలసినవే. ఈ మూడింటికీ ఒకేచోట పరీక్ష పెట్టే నవీన శాఖ ఒకటి ఇటీవలి కాలంలో వృద్ధి పొందింది. అమ్మకానికి ఉన్న ఇండ్లను హై డైనమిక్ రేంజ్ పద్ధతిలో, సంక్షిప్తంగా హెచ్.డి.ఆర్. పద్ధతిలో, చిత్రించడమే ఆ శాఖ. దీనిని గూర్చి మా విద్యార్థులకు తెలిసినంతలో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

భాషా సాహిత్యాలు బోధించే మాకు కెమెరాతో పని ఏమిటని కొందరు అడుగవచ్చు. మన ప్రాంతపు జీవితమే ఈ ప్రశ్నకు సమాధానం. నస్రుల్లాబాద్ 2016 అక్టోబరులో కామారెడ్డి జిల్లాతో పాటు మండలమైంది. ఇక్కడినుండి బాన్సువాడ, ఎల్లారెడ్డి, కామారెడ్డి వరకు ఏ గ్రామంలో విచారించినా గల్ఫ్ దేశాలలో పనిచేస్తున్న కొడుకో, అన్నో, బావో ఉన్న ఇల్లు కనబడుతుంది. పది పన్నెండేండ్లు ఎండలో కష్టించి కూడబెట్టిన సొమ్ముతో అతడు ఊరిలో ఒక ఇల్లో, జాగానో కొనదలచుకుంటాడు. సెలవు దొరకదు. వచ్చి చూచే వీలు లేదు. అతని ఫోనుకు నాలుగు చిత్రాలు వస్తాయి. వాటిని చూచి అతడు బయానా పంపిస్తాడు. అట్టి సందర్భంలో ఆ చిత్రం ఒక సాక్షి చెప్పే మాటతో సమానం. 'దూరపు కొండలు నునుపు' అనే సామెత ఊరికే పుట్టలేదు. ఆ నునుపును కెమెరా ఎలా కల్పించగలదో, ఎలా నివారించగలదో తెలిసి ఉండడం చిత్రం తీసేవానికీ, చూచేవానికీ కూడా అవసరమని మేము భావిస్తున్నాము.

కన్నుకు, కెమెరాకు గల భేదం

మధ్యాహ్నవేళ ఒక గదిలో నిలబడి కిటికీవైపు చూస్తే బయటి వేపచెట్టు ఆకులు స్పష్టంగా కనబడతాయి. మరుక్షణం గది మూలకు చూస్తే అక్కడి బీరువా, దాని మీది తాళం కూడా కనబడతాయి. అదే దృశ్యాన్ని కెమెరాతో తీస్తే రెండింటిలో ఒకటి పోతుంది. గది బాగా కనబడితే కిటికీ తెల్లని కాగితంవలె మిగులుతుంది. చెట్టు బాగా కనబడితే గది గుహవలె నల్లబడుతుంది.

ఇందుకు కారణం లెక్కలో ఉంది. వెలుగును 'లక్స్' అనే ప్రమాణంతో కొలుస్తారు. నిండు ఎండలో అది సుమారు 1,00,000 లక్సులు. కిటికీకి దూరంగా ఉన్న గది మూలలో 100 లక్సులు మాత్రమే ఉండవచ్చు. అనగా బయటి వెలుగు లోపలి వెలుగుకు 1000 రెట్లు. ఛాయాగ్రాహకులు వెలుగు రెట్టింపు అయిన ప్రతిసారి దానిని ఒక 'స్టాప్' అంటారు. రెండును పదిసార్లు హెచ్చవేస్తే 1024 వస్తుంది కావున, పై భేదం సుమారు 10 స్టాపులు. దానిమీద తెల్లని సున్నపు గోడ, నల్లని టేకు దూలం వంటి వస్తువుల స్వంత భేదం కూడా కలుస్తుంది. ఒక దృశ్యంలోని మిక్కిలి వెలుగుకూ, మిక్కిలి చీకటికీ నడుమ ఉండే ఈ దూరానికే 'డైనమిక్ రేంజ్' అని పేరు.

మంచి కెమెరా ఒక్క ఎక్స్‌పోజర్‌లో 12 నుండి 14 స్టాపుల వరకు గ్రహించగలదు. కాని సాధారణంగా మనం భద్రపరచే జేపెగ్ చిత్రంలో ఒక్కొక్క రంగుకు 256 మెట్లు మాత్రమే ఉంటాయి. 'రా' అనే ముడి రూపంలో భద్రపరిస్తే 14 బిట్ల కెమెరాలో ఆ మెట్లు 16,384. అంత ఉన్నప్పటికీ చీకటి భాగాలను తరువాత బలవంతంగా పైకి లేపితే అక్కడ ఇసుక చల్లినట్లు చుక్కలు బయలుదేరుతాయి.

మన కంటికి ఈ కష్టం ఎందుకు లేదు? కంటిపాప 2 మిల్లీమీటర్ల నుండి 8 మిల్లీమీటర్ల వరకు విచ్చుకోగలదు. దానివల్ల లోనికి వచ్చే వెలుగు 16 రెట్ల వరకే మారుతుంది. మిగిలిన సర్దుబాటును నేత్రపటలం, మెదడు కలిసి చేస్తాయి. మనం గదిని ఒక్క చూపులో చూచినట్లు అనుకుంటాము గాని, నిజానికి పలు చూపులను మెదడు కూర్చి ఒక్క దృశ్యంగా మనకు అందిస్తున్నది.

ఈ విషయాన్ని వెయ్యేండ్ల క్రిందటనే పరిశీలించిన మహనీయుడు ఇబ్న్ అల్ హైసమ్. ఆయన సుమారు 965లో బస్రాలో జన్మించి, 1040 ప్రాంతంలో కైరోలో మరణించాడు. 'కితాబుల్ మనాజిర్' అనే గ్రంథంలో, వస్తువుల నుండి వచ్చే వెలుగు కంటిని చేరడం వల్లనే చూపు కలుగుతుందని ఆయన ప్రయోగపూర్వకంగా నిరూపించాడు. చీకటి గది గోడకు ఒక రంధ్రం చేసి, బయట పలు దీపాలు ఉంచితే, లోపల అన్ని వెలుగు మచ్చలు విడివిడిగా పడతాయనీ, ఒక దీపాన్ని మూస్తే దాని మచ్చ ఒక్కటే మాయమవుతుందనీ చూపించాడు. అంతకన్న మన ప్రస్తుత విషయానికి దగ్గరైన మాట మరొకటి కూడా ఆయన చెప్పాడు. బలమైన వెలుగు దగ్గర ఉంటే బలహీనమైన వెలుగును కన్ను గ్రహించలేదనీ, పగటిపూట నక్షత్రాలు కనబడకపోవడానికి ఇదే కారణమనీ ఆయన వివరించాడు. కిటికీ ప్రక్కన గది మూల నల్లబడడం కూడా ఈ జాతికి చెందినదే.

పూర్వులు త్రొక్కిన దారులు

ఒకే దృశ్యాన్ని పలుమార్లు తీసి కలపడం కంప్యూటరు యుగంలో పుట్టిన ఆలోచన కాదు. ఫ్రాన్సు దేశపు గుస్తావ్ లె గ్రే 1850ల నడుమ సముద్ర దృశ్యాలు తీసేవాడు. ఆనాటి గాజుపలకలు నీలి వెలుగుకు అతిగా స్పందించేవి కావున, సముద్రం సరిగా పడితే ఆకాశం తెల్లబోయేది. అతడు సముద్రానికి ఒక పలక, ఆకాశానికి ఒక పలక వేరువేరుగా తీసి, రెండింటినీ ఒకే కాగితంపై ముద్రించి పరిష్కారం కనుగొన్నాడు.

మన దక్కనులో భవన ఛాయాగ్రహణానికి మార్గదర్శి రాజా దీన్ దయాళ్. ఆయన 1844లో మీరట్ సమీపంలోని సర్ధనాలో జన్మించి, రూర్కీలోని థామసన్ ఇంజనీరింగ్ కళాశాలలో చదివి, ఇందూరు సంస్థానపు పబ్లిక్ వర్క్స్ శాఖలో పనిచేశాడు. ఆ తరువాత ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ ఆస్థాన ఛాయాగ్రాహకుడై హైదరాబాదు చేరి, 'ముసవ్విర్ జంగ్' బిరుదు పొందాడు. భవన నిర్మాణం చదివిన కన్ను కావడం చేత ఆయన చిత్రాలలో స్తంభాలు నిట్టనిలువుగా, గదులు ఉన్న కొలతలో కనబడతాయి. బషీర్‌బాగ్ భవనం నేడు లేదు, పేటకు దాని పేరు మాత్రం మిగిలింది. ఆ భవనపు లోపలి గదులు ఎట్లుండెనో దీన్ దయాళ్ చిత్రాలు నేటికీ సాక్ష్యం చెబుతున్నాయి. ఆయన 1905లో మరణించాడు. ఇల్లు పోయిన తరువాత కూడా దాని సంగతి నిజంగా చెప్పగల చిత్రమే ఉత్తమ గృహచిత్రమని మనం ఆయన నుండి నేర్చుకోవచ్చు.

ఇరవయ్యో శతాబ్దంలో అమెరికా దేశీయులు యాన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ 1940 ప్రాంతంలో 'జోన్ సిస్టమ్' అనే పద్ధతిని రూపొందించారు. పూర్తి నలుపు నుండి పూర్తి తెలుపు వరకు 11 మెట్లుగా విభజించి, దృశ్యంలోని ఏ భాగం ఏ మెట్టులో పడవలెనో తీయకముందే నిర్ణయించుకోవడం ఇందులోని సారం. అణుబాంబు పేలుడు వంటి విపరీతమైన వెలుగును చిత్రించడానికి చార్లెస్ వైకాఫ్ వేరువేరు వేగాలు గల మూడు పొరలతో ఒక ఫిల్మును తయారు చేశాడు. డిజిటల్ చిత్రాలను కలిపే విధానాన్ని స్టీవ్ మాన్ 1990లలో ప్రతిపాదించగా, పాల్ డెబెవెక్, జితేంద్ర మాలిక్ 1997లో ప్రచురించిన పరిశోధన దానిని స్థిరపరచింది. వీరిలో మాలిక్ భారతదేశంలో జన్మించినవాడు. 2010లో ఐఫోనులోనూ, ఆ తరువాత ఇతర ఫోన్లలోనూ ఈ విద్య చేరి సామాన్యుని చేతికి వచ్చింది.

చిత్రం తీసే క్రమం

ఇక పద్ధతికి వద్దాము. మన ప్రాంతపు పాత ఇండ్లలో ఈ పనికి అత్యంత కఠినమైన పరీక్ష పెట్టేది నడుమ ఆకాశానికి తెరచిన ఇల్లు. తెలుగువారు మండువా అనీ, భవంతి అనీ పిలుస్తారు. ఉర్దూ మాట్లాడే కుటుంబాలలో ఆ నడిమి భాగాన్ని సహన్ అనీ, చుట్టూ ఉన్న స్తంభాల వసారాను దాలాన్ అనీ అంటారు. సహన్‌లో షాబాదు బండల మీద నిండు ఎండ. దాలాన్‌లో చల్లని నీడ. వెనుక గదిలో దాదాపు చీకటి. ఈ ఇంటిని తీయగలిగినవాడు ఏ ఇంటినైనా తీయగలడు. కావున దీనినే ఉదాహరణగా తీసుకుందాము.

మొట్టమొదటి ఉపకరణం కెమెరా అని అందరూ అనుకుంటారు. మా ఉద్దేశంలో మొదటిది మూడుకాళ్ళ స్టాండు. తీయబోయే చిత్రాలు ఐదైనా, ఒకదానిపై ఒకటి వెంట్రుకవాసి తేడా లేకుండా కూర్చోవలెను. చేతిలో పట్టుకొని తీస్తే అది సాధ్యం కాదు. స్టాండును నేలనుండి సుమారు 4 అడుగుల ఎత్తులో, కెమెరా ముందుకు గాని వెనుకకు గాని వాలకుండా నిలపాలి. వాలితే స్తంభాలు పడిపోతున్నట్లు కనబడతాయి. వంటగదిలో మాత్రం గట్టు పైభాగం కనబడేటట్లు కొంచెం ఎత్తు పెంచవచ్చు.

రెండవది కటకం. పూర్తి ఫ్రేము కెమెరాకు 16 నుండి 24 మిల్లీమీటర్ల కటకం గృహచిత్రాలకు తగినది. ఇంకా వెడల్పుగా చూపించే కటకాలు ఉన్నాయి. ఫోన్లలోని అతి వెడల్పు కటకం సుమారు 13 మిల్లీమీటర్లకు సమానం. దానితో పది అడుగుల గది పెండ్లి మండపంవలె విస్తరిస్తుంది. తలుపు ప్రక్కన ఉన్న మంచం పడవంత పొడవు అవుతుంది. ఇది ఉపయోగించడానికి ముందు ఆలోచించవలెను.

మూడవది కెమెరా అమరిక. కటక రంధ్రాన్ని ఎఫ్ 8 వద్ద, ఐ.ఎస్.ఓ.ను 100 వద్ద స్థిరంగా ఉంచి, షట్టరు కాలాన్ని మాత్రమే మార్చాలి. రంధ్రాన్ని మారిస్తే స్పష్టంగా కనబడే లోతు మారి చిత్రాలు పొసగవు. ఐ.ఎస్.ఓ. పెంచితే చుక్కలు వస్తాయి. తెలుపు సమతుల్యతను, అనగా వైట్ బ్యాలెన్స్‌ను, కెమెరా ఇష్టానికి వదలకుండా ఒక్కచోట కట్టివేయాలి. లేనిచో ఒక చిత్రంలో గోడ పసుపుగా, మరొకదానిలో నీలంగా వచ్చి కలిపినప్పుడు మచ్చలు ఏర్పడతాయి. ఫోకస్‌ను కూడా ఒకసారి సరిచూచి చేతి అమరికలోకి మార్చివేయడం మంచిది.

నాలుగవది లెక్క. నిండు ఎండకు ఎఫ్ 16 వద్ద, ఐ.ఎస్.ఓ. ఎంతో సెకనులో అన్నవ వంతు షట్టరు కాలం సరిపోతుందని పాత ఛాయాగ్రాహకుల నియమం ఒకటి ఉంది. ఐ.ఎస్.ఓ. 100 అయితే సెకనులో 100వ వంతు. రంధ్రాన్ని ఎఫ్ 8కి తెరచినందువల్ల వెలుగు 4 రెట్లు అవుతుంది కాబట్టి, కాలం 400వ వంతుకు తగ్గాలి. దీనిని బట్టి ఎండ పడిన సహన్‌కు సుమారు 1/500 సెకను సురక్షితం. అక్కడినుండి ఒక్కొక్క మెట్టుకు 4 రెట్లు, అనగా 2 స్టాపుల చొప్పున, పెంచుకుంటూ పోవాలి: 1/500, 1/125, 1/30, 1/8, 1/2 సెకను. ఈ ఐదు చిత్రాలలో మొదటిదానికీ చివరిదానికీ 250 రెట్ల భేదం, అనగా 8 స్టాపులు. మొదటి దానిలో బండల మీది గీతలు, ఆకాశపు నీలం నిలుస్తాయి. మూడవదానిలో దాలాన్ స్తంభాలు వస్తాయి. చివరిదానిలో వెనుక గది గూటిలోని దీపపు మసి కూడా తెలుస్తుంది. చాలా కెమెరాలలో 'బ్రాకెటింగ్' అనే అమరిక ఉండి, ఒక్క మీటతో ఈ వరుసను తానే తీసిపెడుతుంది. చిన్న గదులకు 2 స్టాపుల తేడాతో మూడు చిత్రాలు చాలు.

ఐదవది నిశ్చలత్వం. పంకా ఆపివేయాలి. కిటికీ తెరలను కట్టివేయాలి. సహన్‌లో ఆరవేసిన బట్టలు తీసివేయాలి. పిల్లలను, కోళ్ళను ఐదు నిమిషాలు బయటికి పంపాలి. కదిలిన వస్తువు కలిపిన చిత్రంలో దయ్యంవలె సగం సగం కనబడుతుంది. మీట నొక్కేటప్పటి అదురు కూడా తగలకుండా 2 సెకన్ల టైమరు వాడడం మేలు.

ఆరవది వేళ. తూర్పు ముఖపు ఇంటిని ఉదయం, పడమటి ముఖపు ఇంటిని సాయంత్రం తీయాలి. సహన్ గల ఇంటికి ఎండ నేరుగా దిగని వేళ ఉత్తమం. వరినాట్ల కాలంలో మన కాలువ క్రింది పొలాలు నీటితో నిండి అద్దాలవలె మెరుస్తాయి. ఇంటి వెనుక అట్టి పొలం ఉంటే మధ్యాహ్నం కిటికీ నుండి వచ్చే వెలుగు మరింత తీవ్రమవుతుంది. మగ్రిబ్ వేళ, అనగా సూర్యాస్తమయం తరువాత ఒక పావుగంట, ఆకాశపు వెలుగు, ఇంటి దీపాల వెలుగు దాదాపు సమానమవుతాయి. ఇంటి ముందుభాగం తీయడానికి దానిని మించిన సమయం లేదు. ఏ యంత్రమూ, ఏ కూర్పూ లేకుండా ప్రకృతియే వెలుగు నీడల భేదాన్ని తగ్గించి పెట్టే క్షణం అది.

కలిపే విధానం

తీసిన ఐదింటిని ఒకటి చేయడానికి రెండు మార్గాలు ఉన్నాయి. డెబెవెక్, మాలిక్ చూపిన మార్గంలో అన్ని చిత్రాల నుండి ఆ చోట నిజంగా ఎంత వెలుగు ఉన్నదో లెక్కించి ఒక మహాచిత్రం తయారవుతుంది. దాని విస్తృతిని తెరగాని, కాగితంగాని భరించలేదు కావున, తిరిగి దానిని కుదించాలి. ఈ కుదింపునే 'టోన్ మ్యాపింగ్' అంటారు. రెండవ మార్గం 2007లో మెర్టెన్స్, కౌట్జ్, వాన్ రీత్ అనే పరిశోధకులు చూపిన 'ఎక్స్‌పోజర్ ఫ్యూజన్'. ఇందులో మహాచిత్రం ఉండదు. ప్రతి బిందువు దగ్గర ఏ చిత్రంలో వివరం, రంగు, తగినంత వెలుగు బాగా ఉన్నాయో చూచి, దానికి ఎక్కువ భాగం ఇచ్చి మెత్తగా కలుపుతారు. గృహచిత్రాలకు ఈ రెండవ మార్గమే సహజంగా ఉంటుంది. 'ఎన్‌ఫ్యూజ్', 'ల్యూమినెన్స్ హెచ్.డి.ఆర్.' వంటి సాఫ్ట్‌వేర్లు ఉచితంగా లభిస్తాయి కావున, విద్యార్థులకు ధనవ్యయం లేదు.

ఫోనులో జరిగేది మరొక విధం. 2016లో గూగుల్ పరిశోధకులు ప్రచురించిన విధానంలో, వేరువేరు ఎక్స్‌పోజర్లకు బదులు ఒకే రకమైన తక్కువ ఎక్స్‌పోజర్ చిత్రాలను వరుసగా చాలా తీసి, పేర్చి, చుక్కలను పోగొట్టి, తరువాత చీకటిని పైకి తెస్తారు. చేయి అదిరినా తట్టుకొనే శక్తి దీనికి ఉంది. అయితే ఎంత వెలుగు పెంచాలో నిర్ణయించేది ఫోను. బాధ్యత మాత్రం తీసినవానిది.

కలిపిన చిత్రంలో రాగల దోషాలు నాలుగు. గోడకూ ఆకాశానికీ నడుమ తెల్లని వలయం రావడం మొదటిది. తెల్లని సున్నం బూడిదరంగుకు తిరగడం రెండవది. రంగులు క్యాలెండరు బొమ్మలవలె మండిపోవడం మూడవది. నీడ అనేది ఎక్కడా లేక గది అంతయు ఒకే మట్టంగా, ప్రాణం లేనట్లు కనబడడం నాల్గవది. మొదటి మూడింటిని చూడగానే ఎవరైనా గుర్తిస్తారు. నాల్గవది మాత్రం చాలామందికి గుణంగా తోస్తుంది. అదే ప్రమాదకరమని మా అభిప్రాయం.

నీడను తుడిచివేయరాదు

ఎందుచేతనంటే, నీడ కూడా ఇంటిని గూర్చిన ఒక వాస్తవం. కిటికీ ఎదుట రెండడుగుల దూరంలో పొరుగువారి గోడ ఉన్న గది పగటిపూట కూడా చీకటిగా ఉంటుంది. అక్కడ నివసించేవారు ఏడాది పొడుగునా దీపం వేసుకొని బ్రతకాలి. ఐదు చిత్రాలను కలిపి ఆ గదిని హాలుతో సమానంగా వెలిగిస్తే, గోడలో ఒక్క ఇటుకను కూడా మార్చకుండానే మనం అబద్ధం చెప్పినవారమవుతాము. పగులును చెరిపివేయడం, ఇంటి ముందరి ట్రాన్స్‌ఫార్మరును మాయం చేయడం, చెమ్మ మరకపై రంగు పూయడం మోసమని అందరికీ తెలుసు. అతిగా వెలిగించడం మోసమని తెలియకపోవడమే దానిలోని చిక్కు.

మరి హద్దు ఎక్కడ? మేము మా విద్యార్థులకు చెప్పే కొలత ఒకటే. చిత్రం తీసిన చోటనే, తీసిన వేళలోనే కొనేవాడు వచ్చి నిలబడితే అతని కన్ను చూడగలిగినంత చూపవచ్చు. అంతకు మించరాదు. కన్ను కిటికీ బయట చెట్టును చూడగలదు కావున, చిత్రంలో చెట్టు ఉండాలి. కన్ను మూలలోని బీరువాను చూడగలదు కావున, బీరువా ఉండాలి. కాని మూల కిటికీకన్న చీకటిగా ఉన్నదన్న సంగతిని కూడా కన్ను చూస్తుంది. ఆ భేదం చిత్రంలో మిగలాలి. పైన చెప్పిన ఐదు చిత్రాల వరుస 1/2 సెకను వద్ద ఆగడంలోని ఔచిత్యం ఇదే. వెనుక గదిని పట్టపగలుగా చేయాలంటే 2 సెకన్లకు పైగా కావాలి. 1/2 సెకను వద్ద ఆగితే వివరం దక్కుతుంది, నీడ నీడగానే నిలుస్తుంది.

ఆచరణలో మరి మూడు నియమాలు పాటించవచ్చు. మొదటిది, తీసిన ముడి చిత్రాలను అన్నింటినీ దాచి ఉంచడం, అడిగినవారికి నడిమి చిత్రాన్ని కలపకుండా చూపడం. రెండవది, ప్రతి గదికి ఒక చిత్రం తలుపు దగ్గరనుండి, మనిషి చూపు ఎత్తులో, సాధారణ కటకంతో తీసి జతచేయడం. మూడవది, ఇంటి ముందరి బాట, స్తంభాలు, బోరు, మురుగు కాలువ వంటివాటిని విడువకుండా చూపడం. ప్లాట్ల విషయంలో హెచ్.డి.ఆర్. అవసరం స్వల్పం. అక్కడ హద్దు రాళ్ళు, బాట వెడల్పు, నీరు నిలిచే పల్లం కనబడితే చాలు. గుంటలు, గజాల లెక్క కాగితం చెబుతుంది, నేల స్వభావం చిత్రం చెప్పాలి.

చట్టం కూడా ఈ విషయంలో మౌనంగా లేదు. 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షన్ ప్రకారం, వేరే ఒప్పందం లేనప్పుడు, కొనేవాడు సామాన్య జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్య లోపం ఏదైనా తనకు తెలిసి ఉంటే అమ్మేవాడు దానిని వెల్లడించవలెను. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం, అనగా రెరా, సంస్థలు కట్టి అమ్మే ప్రాజెక్టులకు వర్తిస్తుంది. 500 చదరపు మీటర్లకు మించిన స్థలంగాని, ఎనిమిదికి మించిన ఫ్లాట్లుగాని ఉంటే నమోదు తప్పదు. నమోదు లేకుండా ప్రకటన ఇవ్వరాదు. ప్రకటన అంటే ఏ మాధ్యమం ద్వారానైనా, ఏ రూపంలోనైనా జరిగే ప్రచారమని ఆ చట్టమే నిర్వచించింది. ప్రకటనలోని తప్పుడు సమాచారాన్ని నమ్మి డబ్బు కట్టి నష్టపోయినవారికి పరిహారం ఇవ్వాలనీ, వారు వైదొలగదలిస్తే కట్టినది వడ్డీతో సహా తిరిగి చెల్లించాలనీ 12వ సెక్షన్ చెబుతుంది. చిత్రం తీసేవాడు తన పని యంత్రానికి సంబంధించినదే అనుకోరాదు. అతని చిత్రం రేపు కాగితాల నడుమ రుజువుగా నిలువవచ్చు.

ముగింపు

ఈ విద్య నేర్చిన విద్యార్థికి ఉపాధి కలదు. ఒకప్పుడు పెండ్లిండ్లు, పాస్‌పోర్టు చిత్రాలతో బ్రతికిన పట్టణాల స్టూడియోలకు ఫోన్లు వచ్చిన తరువాత పని తగ్గింది. ఇండ్లు, దుకాణాలు, ఫంక్షన్ హాళ్ళు చక్కగా తీయగలవారి అవసరం పెరుగుతున్నది. ఇందుకు గణితంలో రెట్లు, భౌతికశాస్త్రంలో కాంతి, భాషలో నాలుగు స్పష్టమైన వాక్యాలు తెలిసి ఉండాలి. ఈ మూడును మా తరగతులలో బోధింపబడుతున్నవే. కళాశాల పాలకవర్గం వారు దయతో ఒక మంచి స్టాండును, ఒక పాత కెమెరానైనా భౌతికశాస్త్ర ప్రయోగశాలకు సమకూర్చి, వారానికొక గంట కేటాయిస్తే, ఉర్దూ, తెలుగు మాధ్యమాల విద్యార్థులు ఇరువురూ కలిసి అభ్యసించే విద్య మరొకటి మన ఆవరణలో ఏర్పడుతుంది. మొదటి పాఠానికి బయటికి పోనక్కరలేదు. మన కళాశాల వరండా స్తంభాలు, వాటి వెనుక తరగతి గది చీకటి, ఎదుట ఆటస్థలపు ఎండ చాలును.

విద్యార్థులు ఒక్క మాట గుర్తుంచుకోవలెనని మా కోరిక. దుబాయిలోనో, దమ్మాములోనో పని ముగించుకొని, రాత్రి గదిలో మంచం మీద కూర్చొని, మీరు తీసిన చిత్రాన్ని వేళ్ళతో పెద్దది చేసి చూచుకొనే మనిషి ఒకడు ఉంటాడు. ఆ గదిలో తన తల్లిని ఎక్కడ పడుకోబెట్టాలో, పిల్లలు ఎక్కడ కూర్చొని చదువుకోవాలో అతడు అప్పటికే నిర్ణయించుకుంటూ ఉంటాడు. అతడు ఒకనాడు బస్సు దిగి, తాళం తీసి, ఆ గడపలో నిలబడినప్పుడు, చూచిన చిత్రానికీ ఎదుట ఉన్న ఇంటికీ తేడా లేదని అతనికి తోచవలెను.